కారణంలా కనిపించే అకారణం: నిత్య వాదనల్లో హేత్వాభాసలను గుర్తించడం ఎలా?

"పక్కింటివారికి మూడు నెలలుగా వడ్డీ సక్రమంగా అందుతోంది కాబట్టి ఆ పథకం నమ్మదగినదే." "తాతగారు రోజూ చుట్ట కాల్చినా తొంభై ఏళ్లు బతికారు కాబట్టి పొగాకుతో హాని లేదు." "వరసగా ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు కాబట్టి ఈసారి మగపిల్లవాడే." ఏ ఊరి రచ్చబండ వద్దనైనా, ఏ ఇంటి భోజనాల వేళనైనా ఇలాంటి మాటలు వినిపిస్తాయి. ఈ మూడింటిలోనూ ఒక తీర్మానం ఉంది, దానికి ఒక కారణమూ ఉంది. కానీ ఆ కారణానికి ఆ తీర్మానాన్ని మోసే శక్తి లేదు. ఇలాంటి మాటను నమ్మి ఒకరు జీవితకాలం దాచుకున్న సొమ్ము పోగొట్టుకుంటారు. మరొకరు ఆరోగ్యం పాడుచేసుకుంటారు. ఇంకొక ఇంట్లో ఒక స్త్రీ ఇష్టం లేకపోయినా మరో కాన్పు భారం మోయవలసి వస్తుంది.

కారణంలా తోచినా నిజానికి కారణం కానిదాన్ని భారతీయ తర్కశాస్త్రం 'హేత్వాభాస' అని పిలిచింది. హేతువు అంటే కారణం. ఆభాస అంటే లేకపోయినా ఉన్నట్లు తోచేది. పచ్చి అబద్ధాన్ని పసిగట్టడం తేలిక. హేత్వాభాసలో చెప్పిన విషయం చాలాసార్లు నిజమే అయి ఉంటుంది. పక్కింటివారికి వడ్డీ అందిన మాట నిజం, తాతగారు తొంభై ఏళ్లు బతికిన మాటా నిజం. తప్పంతా ఆ నిజం నుంచి తీర్మానానికి వేసిన అడుగులోనే ఉంది. అందుకే దానిని గుర్తించడం కష్టం.

రెండు ప్రాచీన సంప్రదాయాలు

వాదనలోని దోషాలను వర్గీకరించే ప్రయత్నం రెండు నాగరికతల్లో వేర్వేరుగా సాగింది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ 13 రకాల దోషాలను పేర్కొన్నాడు. భారతదేశంలో గౌతముని న్యాయసూత్రాలు తెలుసుకోవలసిన 16 పదార్థాలను చెప్పి, వాటిలో హేత్వాభాసను ఒకటిగా చేర్చి, దానిని ఐదు రకాలుగా విభజించాయి. ఆంధ్రదేశానికి చెందిన పండితుడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన 'తర్కసంగ్రహం' ఈ శాస్త్రానికి ప్రవేశ గ్రంథం. దేశమంతటా సంస్కృత విద్యార్థులు నేటికీ దానితోనే తర్కాధ్యయనం మొదలుపెడతారు.

న్యాయశాస్త్రంలో అందరికీ తెలిసిన ఉదాహరణ కొండ మీది పొగ. పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని చెప్పవచ్చు. నిప్పు లేని చోట పొగ పుట్టదు. ఇదే మాటను తలకిందులు చేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉండి తీరాలంటే తప్పవుతుంది. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే నిప్పుతో పాటు తడి కట్టె కూడా ఉండాలి. పైకి కనిపించకుండా ఫలితాన్ని నిర్ణయించే ఇలాంటి షరతును తార్కికులు 'ఉపాధి' అన్నారు. నేడు ఉద్యోగం అనే అర్థంలో వాడుతున్న మాట ఇదే అయినా, శాస్త్రంలో దాని అర్థం వేరు.

ఇనుప గుండు ఉదాహరణ నుంచి నిత్యజీవితంలో పనికివచ్చే ఒక ప్రశ్న దొరుకుతుంది: ఇదే కారణం ఉండి కూడా తీర్మానం తప్పయ్యే సందర్భం ఎక్కడైనా ఉందా? ఉంటే ఆ కారణం ఒక పక్షానికే కట్టుబడి లేదన్నమాట. అలాంటి హేతువును 'అనైకాంతికం' అంటారు. కింద వివరించిన దోషాల్లో అధికభాగం ఈ ఒక్క ప్రశ్నతోనే బయటపడతాయి.

మూడు నెలల వడ్డీ దేనికి రుజువు?

మొదట చెప్పిన పెట్టుబడి పథకానికే ఈ ప్రశ్న వేసి చూడవచ్చు. నిజాయితీగా నడిచే సంస్థ మొదటి మూడు నెలలూ చెప్పిన ప్రకారం చెల్లిస్తుంది. కొత్తగా చేరినవారి సొమ్మును పాతవారికి పంచే మోసపూరిత సంస్థ కూడా అంతే సక్రమంగా చెల్లిస్తుంది. చెల్లించకపోతే కొత్తవారు చేరరు మరి. మొదటి వాయిదాలు అందడం రెండు చోట్లా సమానమే కాబట్టి, మంచి పథకమేదో మోసమేదో ఆ ఒక్క అంశం తేల్చలేదు.

తేల్చగలిగినవి వేరే ఉన్నాయి. ఆ లాభం ఏ వ్యాపారం నుంచి వస్తోంది? డిపాజిట్లు స్వీకరించేందుకు సంస్థకు నియంత్రణ సంస్థ అనుమతి ఉందా? కొత్త సభ్యులను చేర్పిస్తేనే ఆదాయం పెరుగుతుందా? గొలుసుకట్టు నగదు పథకాలను 1978 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. నియంత్రణ లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో మరో చట్టం వచ్చింది. ఇన్ని చట్టాలు ఉన్నా ఇలాంటి పథకాలు పుట్టుకొస్తూనే ఉండటానికి మొదటి వాయిదాలు కలిగించే నమ్మకం ఒక ప్రధాన కారణం.

కాకతాళీయం: ముందు జరిగినదే కారణమా?

కాకి వచ్చి వాలిన క్షణంలోనే తాటిపండు రాలింది. కాకి వాలడం వల్లే పండు రాలిందని చూసినవారు అనుకున్నారు. 'కాకతాళీయం' అనే మాట ఈ దృష్టాంతం నుంచే పుట్టింది. ఒకటి ముందు, మరొకటి తరువాత జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. సాధారణ జలుబు మందు వేసుకోకపోయినా వారం పది రోజుల్లో చాలామందికి తగ్గిపోతుంది. నాలుగో రోజున ఏ కషాయం తాగినా, ఏ తాయెత్తు కట్టుకున్నా, తరువాత కలిగిన ఉపశమనం ఆ చివరి ప్రయత్నం ఖాతాలోనే చేరుతుంది. కషాయం తాగనివారికి ఎన్నాళ్లలో తగ్గిందో పోల్చి చూడకుండా దాని గుణాన్ని నిర్ణయించలేం.

ఈ దోషంపై ఆధునిక భారత చరిత్రలో ఒక ప్రసిద్ధ చర్చ జరిగింది. 1934 జనవరి 15న సంభవించిన భారీ భూకంపం బిహార్, నేపాల్‌లలో కలిపి 10 వేల మందికి పైగా ప్రజలను బలిగొంది. అస్పృశ్యతా నివారణ ప్రచారంలో భాగంగా అప్పుడు దక్షిణాదిలో పర్యటిస్తున్న మహాత్మా గాంధీ, అస్పృశ్యత అనే పాపానికి దైవం విధించిన శిక్ష ఇదని తిరునల్వేలిలో అన్నారు. అస్పృశ్యతను గాంధీతో సమానంగా ఖండించే రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ మాటతో విభేదించి లేఖ రాశారు.

భౌతికమైన ఉత్పాతాలకు భౌతికమైన కారణాలే ఉంటాయని ఠాగూర్ వాదించారు. ఆ లేఖలో మరింత పదునైన అంశం ఇంకొకటి ఉంది. ఇలాంటి వాదన గాంధీకన్నా ఆయన ప్రత్యర్థులకే బాగా నప్పుతుందని, ఆయననూ ఆయన అనుచరులనూ దైవాగ్రహానికి కారకులుగా చూపినా ఆశ్చర్యపోనవసరం లేదని ఆయన హెచ్చరించారు. భూకంపం అనే ఒకే సంఘటన పరస్పర విరుద్ధమైన రెండు తీర్మానాలకూ సమానంగా పనికివస్తే, అది ఏ ఒక్కదానికీ రుజువు కాదు. ప్రతిపక్షానికి కూడా సమానబలం గల హేతువు సిద్ధంగా ఉన్న స్థితిని తర్కసంగ్రహం 'సత్ప్రతిపక్షం' అంటుంది.

గాంధీ ఆ లేఖను 1934 ఫిబ్రవరి 16న తన 'హరిజన్' పత్రికలోనే తన సమాధానంతో పాటు ప్రచురించారు. ఆయన తన నమ్మకాన్ని విడిచిపెట్టలేదు. ఆ నమ్మకం నిరాధారమని తేలినా, అది ఆత్మశుద్ధికి పురికొల్పుతుంది కాబట్టి మేలే చేస్తుందన్నారు. ఒక నమ్మకం మేలు చేస్తుందా అనేది ఒక ప్రశ్న, అది నిజమా అనేది మరో ప్రశ్న. మొదటిదానికి వచ్చిన సమాధానాన్ని రెండోదానికి వాడుకోవడం నేటికీ తరచుగా కనిపించే దోషమే.

ఒక్క మెతుకు ఎప్పుడు చాలు?

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. దీనిని 'స్థాలీపులాక న్యాయం' అంటారు. ఒకే గిన్నెలో, ఒకే సెగ మీద, ఒకే రకం బియ్యం ఉడుకుతున్నప్పుడే ఆ న్యాయం చెల్లుతుంది. మనుషుల ఆరోగ్యం, సంపాదన, స్వభావం అలా ఒకే తీరున ఉండవు. చుట్ట కాల్చిన తాతగారు తొంభై ఏళ్లు బతకడం ఒక్క మెతుకు మాత్రమే. అదే అలవాటుతో యాభై ఏళ్లకే కన్నుమూసినవారు ఈ చర్చలో పాల్గొనడానికి మన మధ్య లేరు.

ఈ చిక్కును దాటాలంటే ఎక్కువ మందిని పోల్చి చూడాలి. బ్రిటన్ పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ 1950లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల అలవాట్లను ఇతర రోగుల అలవాట్లతో పోల్చి, పొగతాగడానికీ ఆ వ్యాధికీ సంబంధం ఉందని చూపారు. ఆపై 1951 నుంచి సుమారు 40 వేల మంది బ్రిటిష్ వైద్యుల అలవాట్లను, మరణాలను దశాబ్దాల తరబడి నమోదు చేసిన అధ్యయనం దానిని మరింత బలపరిచింది. పొగతాగిన ప్రతి ఒక్కరూ మరణిస్తారని ఆ పరిశోధనలు చెప్పలేదు, ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుందని చెప్పాయి. తాతగారి దీర్ఘాయువు ఆ నిజానికి అడ్డురాదు.

విజేతల కథల్లోనూ ఇదే లోపం దాగి ఉంటుంది. బిల్ గేట్స్ 1975లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ చదువు విడిచిపెట్టి మైక్రోసాఫ్ట్‌ను స్థాపించారు. చదువు మానేయాలనుకునే యువకుడు ఈ ఉదాహరణ చెబుతాడు. చదువు మానేసి ఎక్కడికీ చేరుకోలేకపోయినవారి జీవితచరిత్రలు ఎవరూ రాయరు కాబట్టి అవి లెక్కలోకి రావు.

మూడో కాన్పు లెక్క

1913 ఆగస్టు 18న మాంటెకార్లో జూదగృహంలో రూలెట్ చక్రం మీద బంతి వరసగా 26 సార్లు నలుపు రంగుపైనే ఆగింది. ఇన్నిసార్లు నలుపు వచ్చింది కాబట్టి ఇక ఎరుపే వస్తుందని పందేలు కాసినవారు భారీగా నష్టపోయారు. చక్రానికి జ్ఞాపకశక్తి లేదు. ప్రతిసారీ అవకాశం కొత్తగా మొదలవుతుంది.

వరసగా ఆడపిల్లలు పుట్టారు కాబట్టి ఈసారి కొడుకే అనే మాట ఇదే దోషానికి ఇంటి రూపం. ముందు ఎవరు పుట్టినా, తరువాతి కాన్పులో ఆడబిడ్డకు, మగబిడ్డకు అవకాశం దాదాపు సగం సగమే. పైగా శిశువు లింగాన్ని నిర్ణయించే క్రోమోజోము తండ్రి నుంచి వస్తుంది. అయినా నింద మాత్రం చాలా ఇళ్లలో తల్లి మీదే పడుతుంది. ఇక్కడ తర్కదోషం ఒక అన్యాయానికి తోడవుతోంది.

వేయి మంది పంపితే నిజమవుతుందా?

"ఇంతమంది చెబుతున్నారంటే నిజమే అయి ఉంటుంది" అనే వాదనకు తెలుగులో 'గొర్రెదాటు' అని పేరు. "అందరూ పంపుతున్నారు కాబట్టి నిజం, నిజం కాబట్టి అందరూ పంపుతున్నారు" అన్నప్పుడు రెండు మాటలూ ఒకదానిపై ఒకటి ఆనుకొని నిలుస్తాయి, రెండింటికీ నేల ఉండదు. దీనిని 'అన్యోన్యాశ్రయం' అంటారు.

2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతులు వాట్సాప్ ద్వారా వ్యాపించి, పలు రాష్ట్రాల్లో అమాయకులపై మూకదాడులకు, మరణాలకు దారితీశాయి. ఆ ఏడాది జులైలో వాట్సాప్ భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా పరిమితి ప్రకటించింది. ఆ సందేశం వందసార్లు చేరినా, కళ్లారా చూసినవారు ఒక్కరైనా ఉన్నారా అన్నదే అడగవలసిన ప్రశ్న. పంపినవారందరూ సాక్షులు కారు.

పేరున్నవారి మాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. న్యాయశాస్త్రం 'ఆప్తవాక్యాన్ని' ప్రమాణంగా అంగీకరించింది. అయితే ఆప్తుడంటే విషయం ఉన్నది ఉన్నట్లు తెలిసినవాడు, తెలిసినదాన్ని దాచకుండా చెప్పేవాడు. గుండెజబ్బు గురించి హృద్రోగ నిపుణుడు ఆప్తుడు కావచ్చు. ప్రకటనలో నటించి పారితోషికం తీసుకున్న తార కాలేడు. తప్పుదోవ పట్టించే ప్రకటనల్లో కనిపించే ప్రముఖులపైనా తొలిసారి రూ.10 లక్షల వరకు జరిమానా విధించే వీలును 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కల్పించింది.

మాటను విడిచి మనిషిపై

చెరువు ఆక్రమణ జరుగుతోందని ఒకరు ఫిర్యాదు చేస్తే, "నువ్వు పన్ను కట్టావా?" అని ఎదురుప్రశ్న వస్తుంది. పన్ను కట్టకపోవడం తప్పే. కానీ దానివల్ల చెరువు ఆక్రమణ అబద్ధం కాదు. గురివింద గింజ సామెత గుర్తుచేసి ఎదుటివారి నలుపు చూపడం వల్ల అసలు ప్రశ్నకు సమాధానం రాదు. అయితే వ్యక్తి గురించిన ప్రశ్న ప్రతిసారీ దోషం కాదు. వాదన కేవలం ఆ వ్యక్తి సాక్ష్యం మీదే ఆధారపడినప్పుడు అతని నిజాయితీని, స్వప్రయోజనాన్ని పరిశీలించడం అవసరమే.

మరో పద్ధతి ఎదుటివారి మాటను వంచి, వంచిన మాటను ఖండించడం. తరగతి గదిలో సెల్‌ఫోన్ వాడకాన్ని నియంత్రించాలని ఒకరంటే, "అంటే పిల్లలు సాంకేతికతకు దూరంగా పెరగాలంటారా?" అని మరొకరు విరుచుకుపడతారు. ఆ మాట ఎవరూ అనలేదు. న్యాయసూత్రాలు దీనికి దగ్గరి దోషాన్ని 'ఛలం' అన్నాయి. దాని ప్రసిద్ధ ఉదాహరణలో ఒకరు 'నవ కంబళం' అని కొత్త కంబళి గురించి చెబితే, రెండోవారు 'నవ' అంటే తొమ్మిది అని పట్టుకొని "తొమ్మిది కంబళ్లు ఎక్కడివి?" అని నిలదీస్తారు. ఉన్న దారులన్నింటినీ దాచి, "మాతో లేకపోతే శత్రువుల పక్షమే" అని రెండే దారులు చూపడం కూడా ఈ కోవలోదే.

దోషం దొరికినంత మాత్రాన...

ఈ దోషాల పేర్లు నేర్చుకున్నవారికి మరో ప్రమాదం పొంచి ఉంటుంది. ఎదుటివారి వాదనలో దోషం కనిపించగానే వారి తీర్మానమే తప్పని ప్రకటించడం కూడా హేత్వాభాసే. భూకంపం అస్పృశ్యతకు శిక్ష అన్న వాదన నిలవదు. కానీ అస్పృశ్యత ఘోరమైన అన్యాయమన్న తీర్మానం నిలుస్తుంది. దానికి భూకంపం సాక్ష్యం అక్కరలేదు. ఠాగూర్ లేఖ బలమంతా ఈ వివేకంలోనే ఉంది. లక్ష్యాన్ని సమర్థిస్తూనే ఆయన దానికి చూపిన చెడ్డ హేతువును తిరస్కరించారు.

గౌతముడు చర్చలను మూడు రకాలుగా విభజించాడు. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివారిని ఖండించడానికే చేసేది వితండ. హేత్వాభాసల జ్ఞానం ఈ మూడింటిలోనూ ఆయుధమవుతుంది. వాదంలో మాత్రమే దానిని తన మాటపై కూడా ప్రయోగించుకోవలసి ఉంటుంది.

ఇంట్లో పెద్దవారితో చర్చ వచ్చినప్పుడు "మీది తర్కదోషం" అని ముద్ర వేస్తే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. "తాతగారి విషయం నిజమేనండి; మరి అదే అలవాటున్న మిగతావారు ఎలా ఉన్నారు?" అని అడిగితే సాగుతుంది. ఏ వాదన విన్నా వేసుకోదగిన ప్రశ్నలు నాలుగే. తీర్మానం ఏమిటి? దానికి చూపిన కారణం ఏమిటి? ఆ కారణం ఉండి కూడా తీర్మానం తప్పయ్యే చోటు ఉందా? కనిపించని షరతు ఏదైనా ఫలితాన్ని నిర్ణయిస్తోందా?

శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను, సంస్కరణ దృష్టిని పెంపొందించుకోవడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతోంది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన ఈ విధిని పాటించడానికి ప్రయోగశాల అక్కరలేదు. సొమ్ము చెల్లించే ముందు, సందేశం పంపే ముందు, మరో కాన్పుకు ఒత్తిడి చేసే ముందు ఆ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే అది పాటించినట్లే.